గురి కుదరడం – మన అడవి అంచున తుపాకి కథ

తెలుగులో ‘గురి’ అన్న మాటకు రెండర్థాలు. ఒకటి లక్ష్యం, రెండవది నమ్మకం. ‘తుపాకి గురి పెట్టాడు’ అంటాము. ‘ఆయన మాటంటే నాకు గురి’ అనీ అంటాము. తుపాకి పట్టినవానికి ఈ రెండర్థాలూ వేరు కావు. తన తుపాకికీ, అందులో వేసిన తూటాకూ, తన కంటికీ నడుమ పొత్తు కుదిరిందన్న నమ్మకమే అతని గురి. ఆ పొత్తును వేటకు పోవడానికి ముందే, పందెానికి నిలవడానికి ముందే పరీక్షించి సరిచేసుకోవడాన్ని గురి కుదుర్చుకోవడం అనాలి.

తెలుగు పండితునికి తుపాకుల గొడవ ఎందుకని చదువరులు నవ్వుకోవచ్చు. జూలూరుపాడు వంటి చోట బ్రతుకు గడిపినవానికి ఇది తప్పించుకోరాని ముచ్చట. తల్లాడ నుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్ళే త్రోవలో ఉన్న ఊరు మాది. ఇటు పత్తిచేలు, అటు టేకూ వెదురూ కలిసిన అడవి. ఆ అడవి దాటి పోతే గోదావరి, భద్రాచలం. నిజాము కాలంలో ఖమ్మం వరంగల్లు జిల్లాలో భాగం. 1953లో వేరు జిల్లా అయింది. భద్రాచలం అప్పటికి తూర్పు గోదావరిలో ఉండి, 1959లో మనతో కలిసింది. 2016 నుండి జూలూరుపాడు, భద్రాచలం రెండూ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే ఉన్నాయి. అంటే నిజాము నాటికి గోదావరి కిటువైపు ఒక ప్రభుత్వం, అటువైపు ఇంగ్లీషువారి మరొక ప్రభుత్వం. అడవి ఒక్కటే, జనం ఒక్కరే, మృగాలు ఒక్కటే. తుపాకి ఎవరు పట్టవచ్చునన్న శాసనాలు మాత్రం రెండు.

ఈ అడవి అంచు చరిత్రను తుపాకి లెక్కన కాక తూటా లెక్కన చూస్తే కొత్త సంగతులు తెలుస్తాయని నా అభిప్రాయం. తుపాకి అందరి కంటికీ కనిపిస్తుంది. ఫొటోలలో దొరల చేతిలో మెరుస్తుంది. తూటా కనిపించదు. కాని పని చేసేదీ, పని చెడగొట్టేదీ అదే.

మన కావ్యాలలో ఈ వివేకం బాణాల విషయంలో ఎప్పుడో ఉంది. ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు శిష్యులకు పెట్టిన పరీక్ష అందరికీ తెలిసినదే: పక్షి తల తప్ప మరేమీ కనబడనివాడే విలుకాడు. పాఠం చెప్పేటప్పుడు మనం అక్కడ ఆగిపోతాము. యుద్ధపర్వాలకు వస్తే కన్నొక్కటే చాలదని తెలుస్తుంది. నారాచము, భల్లము, క్షురప్రము, అర్ధచంద్రము అని బాణాలకు పేర్లు వేరు, మొనలు వేరు, పనులు వేరు. నారాచం నిలువెల్లా ఇనుము, దూసుకుపోవడానికి. అర్ధచంద్రం కోయడానికి. కర్ణుని తల తెగినది అంజలికంతో. ఏ పనికి ఏ అమ్మో తెలియనివానికి ఏకాగ్రత ఎంత ఉన్నా అక్కరకు రాదు. మా అడవిలోని కోయ వేటగాండ్రకు ఈ సంగతి కావ్యాలు చదవకుండానే తెలుసు. అడవిపందికి పదునైన ఇనుప ములికి, పిట్టకు మొద్దు మొన. పిట్టను చీల్చే బాణం వేస్తే కూరకు మిగిలేది ఈకలే.

తుపాకి మాటల పుట్టుక కూడా ఇదే చెబుతుంది. ‘తుపాకి’ తుర్కీ నుండి పారసీకం మీదుగా మనకు వచ్చిన మాట. ‘ఫిరంగి’ పరంగులది. వీటన్నిటిలో నాకు ప్రియమైనది ఉర్దూలోని ‘బందూకు’. దీని మూలమైన అరబ్బీ మాట ‘బుందుక్’కు అసలు అర్థం ఒక గింజకాయ; ఆ పోలికతో, వింటితో విసిరే చిన్న మట్టి ఉండకూ ఆ పేరే వచ్చింది. తరువాత ఆ ఉండ పేరే దానిని విసిరే ఆయుధానికి అంటుకున్నది. గుండు పేరు మీద తుపాకికి పేరు వచ్చిందన్నమాట.

మన చరిత్రలో గురికి పేరుపొందిన తొలి ఘట్టాలలో ఒకటి రాయచూరు ముట్టడి, 1520. కృష్ణదేవరాయల సైన్యం కోట గోడను గునపాలతో త్రవ్వుతుంటే పైనుండి రాళ్ళూ బాణాలూ కురిసేవి. గుర్రాల వ్యాపారానికి విజయనగరానికి వచ్చిన క్రిష్టొవావ్ ద ఫిగైరెదు అనే పోర్చుగీసువాడు ఇరవైమంది తనవాళ్ళతో అక్కడికి చేరాడు. గోడపై తల ఎత్తినవానినల్లా వారు తుపాకులతో కొట్టసాగారు. పైవారు తల దాచుకున్నారు, క్రిందివారు గోడ త్రవ్వారు. చివరకు కోట నాయకుడు గోడ మీదినుండి తొంగిచూసి నుదుట గుండు తగిలి చనిపోయాడని న్యూనిజ్ వ్రాశాడు. వేలకు వేల సైన్యం నడుమ ఇరవై తుపాకులు చేసిన పని అది. వారి తుపాకులు గొప్పవి కావు. వత్తి అంటించి కాల్చేవి. దూరం తక్కువ, లక్ష్యం నిలకడ, చేతికి అలవాటైన ఆయుధం. మూడూ కలిశాయి.

మన పల్లెలకు చేరింది మాత్రం ఆ తరువాతి నాటు తుపాకి. ఉర్దూలో ‘భర్‌మార్’. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. ఇంతకంటె పొదుపుగా ఒక యంత్రాన్ని వర్ణించడం కష్టం. మూతి నుండి మందు పోసి, గుడ్డ కూరి, సీసపు గుండు దిగవేసి, ఇనుప కడ్డీతో గట్టించి కాల్చాలి. మందంటే సురేకారం, గంధకం, బొగ్గు. మా ప్రాంతంలో 1946–51 తెలంగాణ సాయుధ పోరాటపు తొలి రోజుల్లో వడిసెలల తరువాత దళాల చేతికి వచ్చినవి ఎక్కువగా ఇవే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980లలో, పంట కాపలాకు లైసెన్సు ఉన్న ఒక ముసలి రైతు దగ్గర భర్మారు తుపాకి ఉండేది. యౌవనంలో దొరల వేటలకు హాకా కొట్టినవాడు. తుపాకిని గురించి అడిగితే ఆయన నవ్వి, “తుపాకిదేముంది సారూ, ఇనుప గొట్టం. దానికి ఏ మందు, ఏ గుండు పడుతదో దాన్నే అడిగి తెలుసుకోవాలె” అన్నాడు. అడగడం ఎలాగని అడిగాను. ఇసుక మూట మీద తుపాకిని ఆన్చి, చింతమాను బోదెకు సున్నపు బొట్టు పెట్టి, ఒకే కొలత మందుతో మూడు దెబ్బలు కొట్టి చూడాలట. మూడూ ఒకచోట గుమిగూడితే ఆ కొలత తుపాకికి నచ్చినట్టు. చెల్లాచెదరైతే కొలత మార్చాలి, గుండు మార్చాలి. గుమిగూడినచోటు బొట్టుకు దూరమైతే దిగులు లేదు, అది దిద్దుకోవచ్చు. చెదిరితేనే దిగులు.

ఆ ముసలివాడు చెప్పినది తరువాత నేను చదివిన రైఫిలు శాస్త్రానికి ఎక్కడా తేడా పడలేదు. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికతో చదవగలరు.

రైఫిలు గొట్టంలో మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. వాటి ఒరపిడికి గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది, అందుకే దారి తప్పదు. కాని గుండు సూటిగా పోతుందనుకోవడం భ్రమ. గొట్టం విడిచిన క్షణం నుండే భూమి దానిని క్రిందికి లాగుతుంది. కంటి చూపు మాత్రం సరళరేఖ. అందుచేత గొట్టాన్ని చూపురేఖ కంటె వెంట్రుకవాసి పైకెత్తి ఉంచుతారు. చూపురేఖకు కొంచెం క్రింద బయలుదేరిన గుండు ఆ రేఖను దాటి పైకి వెళ్ళి, వంగి వచ్చి, నిర్ణయించుకున్న దూరాన మళ్ళీ ఆ రేఖను కలుసుకుంటుంది. ఆ కలయిక ఎంత దూరాన జరగాలో నిశ్చయించుకొని, దానికి తగినట్టు చూపు గుర్తులను సర్దడమే గురి కుదర్చడం. వెనుక గుర్తును జరిపితే దెబ్బ కూడా అటే జరుగుతుంది. ముందు గుర్తును జరిపితే దెబ్బ ఎదురుదిక్కుకు పోతుంది. ఈ ముందు గుర్తును హిందుస్తానీలో ‘మక్ఖీ’ అంటారు, ఈగ అని. గొట్టం కొసన వ్రాలిన ఈగలాగే ఉంటుంది కదా! కోణంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యవ వంతు తేడా వస్తే, నూరు గజాల దూరంలో అది సుమారు ఒక అంగుళం అవుతుంది.

ఇంత శ్రమపడి కుదిర్చిన గురి ఆ ఒక్క రకపు తూటాకే చెల్లుతుంది. గుండు బరువు మారినా, మందు మారినా దెబ్బ తగిలే చోటు మారుతుంది. నూనె రాసి తుడిచిన గొట్టం నుండి వెళ్ళే మొదటి దెబ్బ ఒక తీరు, తరువాతివి ఒక తీరు. ఎండకు కూడా ఇందులో వాటా ఉంది. పందొమ్మిదవ శతాబ్ది చివర పొగలేని మందు వచ్చింది. ఇంగ్లీషువారు వాడిన ‘కార్డైటు’ వేడెక్కితే ఎక్కువ ఒత్తిడి పుట్టించేది. అందుకని ఇంగ్లండులోని కంపెనీలు ఉష్ణదేశాలకు మందు కొంచెం తగ్గించి వేరు తూటాలు చేసి పంపేవి. కొత్తగూడెం ఎండలు చూసినవారికి ఆ జాగ్రత్తలోని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఏ తూటా ఎందుకు అన్న ప్రశ్న. అడవిలో మంచె మీది నుండి పులిని కొట్టేవానికి దూరం ఇరవై గజాలో, నలభయ్యో. వానికి కావలసినది బరువైన గుండు, తగిలినచోట పువ్వులా విచ్చుకొనే మెత్తని సీసపు మొన. మైదానంలో కృష్ణజింకను నూటయాభై గజాల నుండి కొట్టేవానికి తేలికైన, వేగమైన, తక్కువ వంగే గుండు కావాలి. పందెం కాల్చేవానికి జంతువుతో పని లేదు; కాగితానికి చిల్లి పడితే చాలు, కాని ప్రతి గుండూ కవలపిల్లలా ఒకే బరువుతో ఉండాలి. వేటలో మెత్తని మొన దయ కూడా. పైనంతా గట్టి తొడుగున్న గుండు దేహంలో సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. గాయపడిన మృగం అడవిలో రోజుల తరబడి కుళ్ళి చస్తుంది. గాయపడిన పులి అయితే ఊరి మీద పడుతుంది.

ఇదే మెత్తని మొనను మనుషుల మీద వాడటం 1890లలో పెద్ద వివాదమైంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో సైనికుల కోసం విచ్చుకొనే గుండు చేశారు. 1899లో హేగు నగరంలో దేశాలు కూడి యుద్ధంలో అటువంటివి కూడదని తీర్మానించాయి. ఒకే గుండు మృగానికైతే దయ, మనిషికైతే క్రౌర్యం. నా విద్యార్థులకు ధర్మసూక్ష్మం అన్న మాటకు ఉదాహరణగా ఈ సంగతే చెప్పేవాడిని.

ఆ తరువాత మూడేళ్ళకు, 1902 ఏప్రిల్‌లో, వైస్రాయి కర్జను ప్రభువు భార్యతో కలిసి మన వరంగల్లు సీమలో నెక్కొండ దగ్గర పులివేటకు వచ్చాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కాలమది. ఆయన స్వయంగా పేరుమోసిన పులివేటగాడు. చచ్చిన పులి వెనుక నిలుచున్న కర్జను దంపతులను రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటో లోకప్రసిద్ధం. ఖమ్మం నుండి కాజీపేట వైపు రైలులో వెళ్ళేవారు నెక్కొండ స్టేషను దాటేటప్పుడు ఒకమారు తలచుకోండి. ఆ ఫొటోలో తుపాకి ఉంది, దొర ఉన్నాడు, దొరసాని ఉంది. డప్పులు కొట్టి పులిని లేపి దొర ముందుకు తోలే హాకా మనుషులు ఇటువంటి ఫొటోల మధ్యకు రారు. పులి ఎటు నుండి లేస్తుందో, ఏ వాగు వెంట నడుస్తుందో తెలిసినవారు వారే. చేతిలో తూటా లేనివారూ వారే.

అది కాకతాళీయం కాదు. 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువారికి ప్రజల చేతిలోని ఆయుధమంటే భయం. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేనివారికి తుపాకి లేకుండా చేసింది. ఆ మీద వారు కనిపెట్టిన యుక్తి మరింత సూక్ష్మమైనది. సైన్యపు తూటా ప్రజల తుపాకిలో పట్టకుండా చేయడం! ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో .450 కొలత రైఫిళ్ళను ఇండియాకు రానీయలేదు. పాత సైన్యపు రైఫిళ్ళ కొలత అదే కనుక. లండను తుపాకి కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించి రాజులకూ దొరలకూ అమ్ముకున్నాయి. సైన్యం వాడే త్రీ నాట్ త్రీ కూడా పౌరులకు నిషిద్ధం. స్వతంత్రం వచ్చాక కూడా ఆ నీడ పోలేదు. మన ఇషాపూరు కర్మాగారంలో పౌరుల కోసం తయారైన రైఫిలు .315 కొలతది, దాని గుండు బరువు 244 గ్రెయిన్లు, త్రీ నాట్ త్రీ గుండు 174. ఒకదాని తూటా మరొకదానికి ఎక్కదు.

ఇప్పుడు గోదావరి దిగువకు, మన్యానికి వెళదాము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తీసుకున్నవాటికి స్టేషను పుస్తకంలో లెక్క వ్రాసి మరీ వెళ్ళాడు. మూడు రోజులలో చేతికి వచ్చినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. మనం సాహసాన్ని పొగిడి ఇక్కడితో వదిలేస్తాము. ఒక్క భాగహారం చేసి చూడండి. తుపాకికి నూరు తూటాలు కూడా రావు. దొరికిన తుపాకి ఎవరిదో. దాని చూపు గుర్తులు ఎవరి కంటికి సర్దినవో. కొత్త తుపాకితో గురి కుదుర్చుకోవాలంటే తలా పది, పదిహేను తూటాలైనా ఖర్చవుతాయి. అన్ని తుపాకులకూ కలిపితే మూడు నాలుగు వందలు. పారేసుకోవడానికి తూటాలెక్కడివి? ఇక అలవాటు కోసం రోజూ కాల్చి చూడటం ఊహకు కూడా అందదు.

అయినా సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఏం జరిగిందో చూడండి. ముందు నడిచే భారతీయ పోలీసులను వదిలిపెట్టి, వెనుక వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డునూ హైటరునూ ఎన్నుకొని కొట్టారు. విల్లు పట్టి పెరిగిన మన్యపు వేటగాళ్ళ కంటికి దగ్గరి దూరం, ఇరుకు దారి, పొంచి ఉండే ఓర్పు తోడైతే పరాయి తుపాకి కూడా మాట విన్నది. గురి లోపం వారిలో లేదు. ప్రభుత్వానికి ఆ సంగతి వెంటనే అర్థమైంది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి రాజు వెళ్ళేసరికి ఆయుధాలను ముందే తరలించివేశారు. మొదటి మూడు రోజుల రాబడి మళ్ళీ రాలేదు. అటువైపేమో మలబారు పోలీసులు, ఆ వెనుక అస్సాం రైఫిల్స్; వారి వెనుక తరగని తూటాల బండ్లు. 1924 మే 7న కొయ్యూరులో కథ ముగిసింది. రంప తిరుగుబాటు ఓడిపోవడానికి చరిత్రకారులు చెప్పే కారణాలు అనేకం, అవన్నీ సరియైనవే. వాటి పక్కన ఈ చిన్న కారణాన్ని కూడా నిలపాలి: తూటా తిరిగి పుట్టించుకోలేని తుపాకికి ఆయువు లెక్కించి ఇచ్చినదే. బాణం అలా కాదు. వేసిన బాణాన్ని ఏరుకోవచ్చు, వెదురు కొట్టి కొత్తది చేసుకోవచ్చు. భర్మారు కూడా కొంత నయం, సీసం కరిగించుకోవచ్చు. స్టేషనులో దొరికిన తుపాకి మాత్రం స్టేషను తూటానే అడుగుతుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటకు తెరపడింది. 1977లో పాల్వంచ పక్కనే కిన్నెరసాని అభయారణ్యమైంది. పంట తినే అడవిపందులను కొట్టవలసివచ్చినా చట్టంలోని 11వ విభాగం క్రింద అధికారి అనుమతి కావాలి. అది మంచికే వచ్చింది. దొరల తూటాలకు పులులు తరిగిపోయిన అడవిలో ఇక మిగిలినవాటినైనా బ్రతకనివ్వాలి.

గురి విద్య మాత్రం చావలేదు. కాగితపు లక్ష్యం ముందుకు చేరింది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 జూలై 30న లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో 701.1 మార్కులతో కంచు పతకం గెలిచాడు. అందులో పదవ వలయం అర మిల్లీమీటరు చుక్క! ఆ చుక్కను కొట్టే సీసపు గుళిక నాలుగున్నర మిల్లీమీటర్లది. ఈ విద్యలో ఉన్నవారు రైఫిలును పట్టులో బిగించి, గుళికల రకాలను ఒక్కొక్క పెట్టె చొప్పున కాల్చి, ఏ పెట్టెలోవి దగ్గరగా గుమిగూడుతాయో చూసి అవే కొని దాచుకుంటారు. తలలో మిల్లీమీటరుకు నూరవ వంతు తేడా ఉన్నా వదలరు. చింతమాను బోదెకు సున్నపు బొట్టు పెట్టిన మా ముసలిరైతు ఇది వింటే ఆశ్చర్యపడేవాడు కాడు. తుపాకిని అడిగి తెలుసుకోవాలె అని మళ్ళీ అనేవాడు.

నాకు మిగిలిన బాధ ఒక్కటే. ఇంత సూక్ష్మమైన విద్యకు మన పల్లెల్లో ఉండిన మాటలు ఆ తరంతోనే పోతున్నాయి. రంజకం అంటే తుపాకికి నిప్పందించే మందు అని, జామగి అంటే వత్తి అని నిఘంటువు చెబితే తప్ప నా విద్యార్థులకు తెలియలేదు. చూపు గుర్తులకూ, చిన్న గుళ్ళకూ, మందు గట్టించే కడ్డీకీ మీ మీ ఊళ్ళలో పెద్దలు ఏమనేవారో గుర్తున్నవారు దయచేసి వ్రాయండి. ఊరి పేరు కూడా చేర్చి వ్రాస్తే, అన్నీ ఒకచోట కూర్చి ఉంచుతాను.